మీటరున్నర తేడా

ఫిబ్రవరి 3

అత్తా,

ముందు విషయం, క్షేమాలు తర్వాత. లేజరు పనిచేసింది.

అంతరిక్ష నౌక ఆ రాయి, అదే గ్రహశకలం, దగ్గరికి చేరి మూడు రోజులైంది. నిన్న మధ్యాహ్నం లేజరు వెలిగించారు. సెకనుకి పది సార్లు వెలుగు చిటికె వేస్తుంది. ఆ వెలుగు రాయికి తగిలి తిరిగి వస్తుంది. ఎంతసేపు పట్టిందో లోపలి గడియారం లెక్కపెడుతుంది. దాన్నిబట్టి దూరం. ఇంతే కథ. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. నేను చదవలేదు కాబట్టే అంటున్నాను. కావలసింది వణకని చెయ్యి. ఆ అద్దాలన్నీ అమర్చింది ఈ చెయ్యే. పదకొండు నెలలు తెల్ల ముసుగు వేసుకుని, దుమ్ము లేని గదిలో, తుమ్ము వచ్చినప్పుడల్లా బయటికి పరిగెత్తి, మళ్ళీ కొత్త ముసుగు వేసుకుని అమర్చాను.

మొదటి వెలుగు తిరిగొచ్చి తెర మీద చుక్క పడగానే అందరూ అరిచారు. నేనూ అరిచాను. తర్వాత ఫొటో. “టెక్నీషియన్లు కాస్త పక్కకి జరగండి, పట్టడం లేదు” అన్నాడు ఫొటోగ్రాఫరు. నేను జరగలేదు. అప్పుడు మా కొలబద్ద “అమ్మాయ్, ఒక్క నిమిషం” అన్నాడు. కొలబద్ద అంటే మా లేజరు విభాగం పెద్దాయన. మనిషీ నిటారే, మాటా నిటారే. ఆయన అంత మెల్లగా అంటే జరగక చస్తామా? జరిగాను. ఫొటోలో నా మోచెయ్యి పడింది.

దీని మీద వ్యాసం రాస్తున్నారట. పద్దెనిమిది పేర్లు. నాది లేదు. చివర్లో “సాంకేతిక సిబ్బందికి కృతజ్ఞతలు” అని ఉంటుందట. సిబ్బంది! గదిలో ఉన్న కుర్చీలకి కూడా కృతజ్ఞతలు చెప్తారేమో కనుక్కోవాలి.

ఇంకో సంగతి. నన్ను పర్మనెంటు చేసే ఫైలు కొలబద్ద బల్ల మీద ఉంది. నా కాంట్రాక్టు మార్చి ఇరవై ఎనిమిదితో సరి. సర్టిఫికెట్టు లేని మనిషికి ఆయన సంతకమే సర్టిఫికెట్టు. ఆ సంతకం పడకపోతే మళ్ళీ కళ్ళద్దాల షాపే. ఆ షాపంటే నాకు చిన్నచూపు లేదు, కానీ ఇది చూశాక అక్కడ కూర్చోలేను. ఒట్టు.

మీ ఆంటెనా వాళ్ళు ఏం చేస్తున్నారు? రాయి ఎంత పెద్దదో మేం చెప్తాం, ఎంత బరువో మీరు చెప్పాలి. తెమల్చండి.

తిన్నానా అని అడుగుతావు. తిన్నాను.

నీ మేనకోడలు

---

ఫిబ్రవరి 8

చిటపటా,

నీ ఉత్తరం మంగళవారం వ్యానులో వచ్చింది. స్టాంపు కూడా కోపంగానే అతికించావు, తలకిందులుగా ఉంది. అచ్చం మీ నాన్నే. మా అన్నయ్య కోపంగా ఉన్నప్పుడు గడియారానికి కీ ఇస్తే స్ప్రింగు తెగేది. ఇంట్లో మూడు గడియారాలు అలాగే పోయాయి.

మోచెయ్యి అయినా పడింది, సంతోషించు. నేను ఇరవై ఒక్క ఏళ్ళుగా ఈ ఆంటెనా కింద కూర్చుని ఏడు నౌకల గొంతు విన్నాను. ఎక్కడా నా చిటికెనవేలు కూడా లేదు.

మేం ఏం చేస్తున్నామంటావా? వింటున్నాం. నౌక ఆగకుండా ఒకే స్థాయిలో రేడియో కూత పెడుతూ ఉంటుంది. రైలు దగ్గరికి వస్తుంటే కూత సన్నగా, దూరమవుతుంటే బొంగురుగా వినిపిస్తుంది చూడు, ఇదీ అంతే. రాయి పక్కగా పోతున్నప్పుడు రాయి దాన్ని తన వైపు కాస్త లాగుతుంది. ఆ లాగుడికి నౌక వేగం వెంట్రుకవాసి మారుతుంది, దాంతో కూత వెంట్రుకవాసి మారుతుంది. ఆ వెంట్రుకవాసిని పట్టుకుంటే రాయి బరువు తెలుస్తుంది, నౌక రాయి నడిబొడ్డుకి ఎంత దూరంలో తిరుగుతోందో కూడా తెలుస్తుంది. తెమల్చమంటే తెమిలేది కాదమ్మా. చెవి రిక్కించి కూర్చోవాలి. మొన్న కొత్తగా వచ్చిన గుమాస్తా టిఫిను సంచీలో సెల్లు మరిచిపోయి తెచ్చాడు. అది మోగకపోయినా ఆంటెనా విన్నది. గంటసేపటి రికార్డు చెడింది. అతని మొహం చూడాలి! ఇలాంటి చోట ఉత్తరాలు కాక ఇంకేం రాసుకుంటాం?

నిన్న లైనులో మీవాళ్ళూ మావాళ్ళూ మాట్లాడుకుంటుంటే ఒక మాట చెవిలో పడింది. మా కక్ష్య లెక్కనీ ఫొటోలనీ కలిపి చూస్తే రాయి నడిబొడ్డు నుంచి అంచుకి రెండు వందల మూడు మీటర్లు. నడిబొడ్డు దూరంలోంచి మీ లేజరు చెప్పిన దూరం తీసేస్తే రెండు వందల ఒకటిన్నర. మీటరున్నర తేడా. ఇలాంటివి వస్తుంటాయి, కంగారుపడకు. నీ కొలతల పుస్తకాలు ఒకసారి తిరగేసి ఉంచుకో. ఎవరైనా అడిగితే టక్కున చెప్పొచ్చు.

ఈ వారమంతా ఒకటే గాలి. గాలి ఎక్కువైతే ఆంటెనాని నిలువుగా నడినెత్తికి తిప్పి కట్టెయ్యాలి. కట్టేసినప్పుడల్లా నౌక మాట్లాడుతుంటే నేను మొహం తిప్పుకున్నట్టు ఉంటుంది.

మీ అత్త

---

ఫిబ్రవరి 13

అత్తా,

నా పుస్తకాలు నేను తిరగెయ్యాలా? మీరు ముందు మీ ఆంటెనా తిరగేసుకోండి.

నిన్న కొలబద్ద పిలిచాడు. కూర్చోమన్నాడు. ఆ మాట ఆయన ఎప్పుడూ అనడు. “స్టేషను వాళ్ళు లేజరు మీద అనుమానపడుతున్నారు. అమర్చినప్పుడు ఏమైనా తేడా వచ్చిందా?” అన్నాడు. తేడా వస్తే అప్పుడే చెప్పేదాన్ని కదా సార్ అన్నాను. “అవుననుకో” అన్నాడు. ఆ ‘అనుకో’ వింటే అరికాలి మంట నెత్తికెక్కింది. నేను బయటికి వస్తుంటే నా ఫైలు బల్ల మీంచి తీసి సొరుగులో పెట్టాడు. నా కళ్ళముందే.

స్టేషను వాళ్ళు అంటే ఎవరత్తా? మీ స్టేషనున్న ఆ లోయలో నేనెవరో, నా చేతికి చదువు లేదని తెలిసిన మనిషి ఒక్కరే. ‘పుస్తకాలు తిరగేసి ఉంచుకో’ అని నాకు రాసిన చేత్తోనే అక్కడ ఎవరి చెవిలోనో వేశావా? వేస్తే వేశానని చెప్పు. నాతో సరదాగా ఒకటి, లైనులో ఇంకొకటి అయితే నాకొద్దు.

ఇక్కడ కొత్త ఇంజనీరొకడు నన్ను చూసి “పాపం, షాపు నుంచి వచ్చింది కదా” అన్నాడు. పాపమట. వాడికి స్క్రూడ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో నేనే నేర్పాను.

ఈసారి క్షేమాలు అడగడం లేదు.

మే.కో.

---

ఫిబ్రవరి 15

చిటపటా,

నీ జవాబు ఇంకా రాలేదు. మంగళవారం వ్యానుకి ఉంటుందేమో. ఈలోగా మనసాగక రాస్తున్నాను.

ఇవాళ లైనులో మీ పెద్దాయన గొంతు విన్నాను. మావాళ్ళు లేజరు గురించి గుచ్చి గుచ్చి అడుగుతున్నారు. “అమర్చింది ఎవరు?” అన్న మాట వచ్చింది. ఆయన చెప్పలేదు, “మా సిబ్బంది” అన్నాడు. నీకు ఆ మాటంటే గిట్టదు, నాకు మాత్రం ఈ ఒక్కసారికి ఊపిరి ఆడింది. సంతకం కావలసిన నెలలోనే ఈ గొడవ రావాలా?

సరే. నేను ఆ సంగతి చూసుకున్నాను. ఇక నీ జోలికి ఎవరూ రారు. అంతకంటే అడక్కు.

ఇక్కడి విశేషం ఒకటే. నాలుగో తారీఖున ఎలుక మా గడియారం కేబులు కొరికింది, పోయిన ఉత్తరంలో చెప్పడం మరిచాను. ఈ గడియారం మీ నాన్న తెంపిన రకం కాదు. ఆంటెనా వినేదంతా దీని లెక్క మీదే నడుస్తుంది. కేబులు మార్చి, మూడు సార్లు సరిచూసి, నాలుగోసారి చూడబోతే మా షిఫ్టు ఇంజనీరు “అమ్మా, గడియారానికి కూడా విసుగొస్తుంది, వదిలెయ్యండి” అన్నాడు. ఎలుక దొరకలేదు. ఎక్కడో కూర్చుని మమ్మల్ని వింటూ ఉంటుంది.

గట్టిగా తిను. సన్నబడ్డావని మీ అమ్మ రాసింది.

అత్త

---

ఫిబ్రవరి 22

అత్తా,

చూశావా? తప్పు మీదే!

గురువారం పెద్ద సమావేశం జరిగింది. నాకు లోపల కుర్చీ లేదు, ప్రొజెక్టరు చూసుకునే నెపంతో గోడకి ఆనుకుని నిలబడ్డాను. మీ స్టేషను లాగ్‌బుక్కులోని, అదే రోజువారీ నమోదు పుస్తకంలోని వాక్యం చదివారు: ‘నాలుగున గడియారం కేబులు మార్చిన తర్వాత సరిచూడటం జరగలేదు.’ గదంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. తేడా స్టేషనుదే, లేజరు సరైనదే అని తేల్చేశారు. ఎలుక కొరికిన కేబులు! నువ్వు నవ్వుతూ రాసిన ఎలుకే నన్ను పది రోజులు నంజుకు తిన్నది.

మార్చి పదిహేడున నౌక రాయి మీద దిగుతుంది. చివరి యాభై మీటర్లు ఎవరి కక్ష్యతోనూ పని లేదు, లేజరు చెప్పిందే లెక్క. కాళ్ళు నేలకి మీటరు ఎత్తులో ఉన్నాయని లేజరు చెప్పగానే ఇంజను కట్టేసుకుని మెత్తగా వాలుతుంది. నేను అమర్చిన అద్దాల మాట విని! కొలబద్ద బయటికి వస్తూ “సంతోషం అమ్మాయ్” అన్నాడు. ఫైలు మళ్ళీ బల్ల మీదికి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ‘చూసుకున్నాను’ అని రాశావు. ఏం చూసుకున్నావు? కొలబద్దకి సిఫార్సు ఉత్తరమేమైనా రాశావా? ‘మా పిల్ల తొందరపాటుదే కానీ మంచిది’ అని? రాసి ఉంటే జన్మలో నీ మొహం చూడను. నాకు ఎవరి జాలీ అక్కర్లేదు. నా పని బాగుంది కనుక గెలిచాను. మీ పని బాగాలేదు కనుక ఓడిపోయారు. చేదుగా ఉన్నా మింగండి.

పదమూడున రాసిన దానిలో కొంచెం నోరు జారాను. కొంచెమే.

మే.కో.

---

ఫిబ్రవరి 27

అమ్మాయీ,

సిఫార్సు రాయలేదు. ఎవరి చెవిలోనూ ఏమీ వెయ్యలేదు. లేజరు మీద అనుమానం పడింది అంకెలు, మనుషులు కాదు.

నీ ఉత్తరం చదివాక కుర్చీలోంచి లేవలేకపోయాను. ఓడిపోయినందుకు కాదు. లేజరుని నమ్ముకుని దిగుతారని నేను అనుకోలేదు. రెండు పక్కలవాళ్ళూ నెలల తరబడి వాదించుకుంటూ కూర్చుంటారు, ఈలోగా మార్చి దాటిపోతుంది అనుకున్నాను. నా తెలివి అక్కడిదాకానే పనిచేసింది.

ఒక్కటి ఆలోచించు. రాయి లోపల బరువు ఒక పక్కకి పేరుకుని ఉంటే, ఆ పక్క మీ కొలత ఎక్కువ, ఈ పక్క తక్కువ రావాలి. అలా రాలేదు. తూర్పున మీటరున్నర, పడమర మీటరున్నర, పైనా కిందా మీటరున్నర. ఎటు చూసినా ఒకే తేడా అంటే అది రాయిలో లేదు, కొలిచేదానిలోనే ఉంది. నా గడియారమా, నీ లేజరా అన్నదే మిగిలింది. నా గడియారం సంగతి నాకు తెలుసు.

గాజు తీగ చుట్టతో లేజరుని సరిచూసిన రోజు పుస్తకం తియ్యి. కోపంతో కాదు, కళ్ళతో చూడు. ఏమీ లేకపోతే లేదని రాయి, నేను హాయిగా ఉంటాను. ఇప్పుడైతే తిన్నది ఒంటబట్టడం లేదు. కూత వింటుంటే నేనే ఆ నౌకని బండకేసి తోస్తున్నట్టుంది.

అత్త

---

మార్చి 4

అత్తా,

తీశాను. చూశాను. తప్పు నాది.

విను. లేజరుని నౌకలో బిగించే ముందు దాని కొలత సరిచూడాలి. గదిలో అయిదు కిలోమీటర్ల దూరం ఎక్కడిది? అందుకని అంత పొడవు గాజు తీగని చుట్టగా చుట్టి అందులోకి వెలుగు పంపుతాం. చుట్టని లేజరుకి కలపడానికి రెండు మీటర్ల అతుకు తీగ ఉంటుంది. ఆ రెండు మీటర్లూ లెక్కలోంచి తీసెయ్యాలి. గాజులో వెలుగు నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి ఆ రెండు మీటర్లు గాలిలో మూడు మీటర్ల పెట్టు. లేజరు కొలత రానూ పోనూ కనుక అందులో సగం. మీటరున్నర!

నేను ఆ తీగ వాటా తీసేసి, మిగిలిన అంకె పుస్తకంలో రాశాను. కొలబద్ద ఆ అంకె తీసుకుని, తీగ వాటా ఇంకా అందులోనే ఉందనుకుని మళ్ళీ తీసేశాడు. ఒకే తీగని ఇద్దరం కోశాం. ఆయన తన పద్ధతిలో సరిగ్గా చేశాడు. ఇక్కడ పద్ధతి అదేనట: యంత్రం చూపించింది చూపించినట్టే రాయాలి, తీసివేతలు తర్వాత. నేను షాపులో ఆరేళ్ళు నేర్చుకున్నది ఇంకోటి. “యంత్రం ఏం చూపించిందో ఎవరికి కావాలి, తియ్యాల్సింది తీసేసి అసలు అంకె రాయి” అనేవాడు యజమాని. చీటీ మీద అసలు అంకె ఉంటేనే కళ్ళద్దాలు సరిగ్గా వస్తాయి. ఇక్కడ పద్ధతేమిటని నేను ఎవరినీ అడగలేదు. అడిగితే చదువుకోలేదని బయటపడుతుందని. అడగకపోవడం నా తప్పు. చెప్పకపోవడం వాళ్ళ తప్పు. రెండూ కలిస్తే నౌక గల్లంతు.

లేజరు మీటరు ఎత్తు అనేసరికి నౌక అప్పటికే నేలకి కొట్టుకుని ఉంటుంది, ఇంజను మండుతూనే ఉంటుంది. తలకిందులైపోతుంది.

తర్వాత నీ పదిహేనో తారీఖు ఉత్తరం మళ్ళీ తీశాను. ‘కేబులు మార్చి, మూడు సార్లు సరిచూసి’ అని నీ రాత. లాగ్‌బుక్కులో ‘సరిచూడటం జరగలేదు’ అని. ఎవరు రాశారత్తా అది? అబద్ధం రాశావు. ఇరవై ఒక్క ఏళ్ళలో మొదటిసారి, నా సంతకం కోసం. ఎవరు చెయ్యమన్నారు నిన్ను? నేను అడిగానా? నీ మంచితనానికి నేను తప్పించుకుంటాను, నౌక చస్తుంది, నేను పర్మనెంటు అవుతాను. ఇదా నాకు ఇవ్వాలనుకున్నది?

ఆ వాక్యం కొట్టెయ్యి. ఇవాళే. నేను రేపు పొద్దున కొలబద్ద దగ్గరికి వెళ్తున్నాను.

ఏడుస్తూ రాయడం లేదు. పెన్ను కక్కింది.

మే.కో.

---

మార్చి 8

చిటపటా,

నీ ఉత్తరం వ్యాను మెట్ల మీదే నిలబడి చదివాను. డ్రైవరు “ఇంట్లో అందరూ బాగేనా అమ్మా?” అన్నాడు. బాగే అన్నాను.

కొట్టేశాను. ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన ‘ఈ వాక్యం అబద్ధం. ఫిబ్రవరి నాలుగున మూడు సార్లు సరిచూశాను, గడియారం సరిగ్గా ఉంది’ అని రాసి, సంతకం పెట్టి, మా పెద్దాయన ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. “ఎందుకు రాశారు?” అన్నాడు. “పొరపాటున కాదు” అన్నాను. నీ సంగతి చెప్పలేదు. మధ్యాహ్నానికి సవరణ మీవాళ్ళకి వెళ్ళిపోయింది.

నువ్వు అడగలేదు, నిజమే. నువ్వేది అడిగావు ఎప్పుడైనా? పడి మోకాలు కొట్టుకుంటే ఆ బండనే తిట్టేదానివి, ఎత్తుకోమని చేతులు చాపేదానివి కాదు. చాపి ఉంటే నాకు ఇంత తొందర ఉండేది కాదేమో. ఇది తప్పించుకోడానికి చెప్పడం లేదు. తప్పు చేశాను. ఇరవై ఒక్క ఏళ్ళు ఉన్నది ఉన్నట్టు విన్న చెవి నాది, రాసేటప్పుడు చెయ్యి వంకర పోయింది.

మీ పెద్దాయన ఏమన్నాడో వెంటనే రాయి. ఆగలేను.

అత్త

---

మార్చి 12

అత్తా,

అయిదో తారీఖున చెప్తే కొలబద్ద నమ్మలేదు. “స్టేషనే ఒప్పుకుంది కదా అమ్మాయ్. దిగే ఆదేశాలు సిద్ధమైపోయాయి. నీకు ఇప్పుడెందుకు ఈ భయం?” అన్నాడు. భయం కాదు సార్, పుస్తకం అన్నాను. పుస్తకం చూశాడు. “ఇది తీసేసిన అంకె అని ఎక్కడ రాసి ఉంది?” అన్నాడు. ఎక్కడా లేదు. “మరి?” అన్నాడు. మూడు రోజులు రోజుకి రెండు సార్లు తలుపు కొట్టాను. మూడో రోజు ఆయన తలుపు వెనక కుర్చీ అడ్డం పెట్టుకున్నాడు. ఆ చప్పుడు వినిపించింది.

తొమ్మిదిన నీ సవరణ వచ్చింది. ఆయనే బయటికి వచ్చాడు. “ఇప్పుడు ఏం చేద్దామంటావ్?” అన్నాడు. మొదటిసారి అడిగాడత్తా.

మా దగ్గర నౌకలోదానికి జంట లేజరు ఉంది, అదే వారం అదే తీగతో, అదే చేతులతో సరిచూసింది. దాన్ని తోపుడుబండి మీద పెట్టి క్యాంటీను నడవాలోకి తెచ్చాం. తలుపులకి ‘లోపలికి రావద్దు’ అని అట్టలు కట్టాం. భోజనాల వేళ. బయట ఆకలి మీదున్న జనం ఒకటే గోల: “కొలుస్తున్నారా, కట్టేస్తున్నారా?” అని. స్టీలు టేపు ఒక చివర నేను పట్టుకున్నాను, రెండో చివర కొలబద్ద. నేల అప్పుడే తుడిచారు, ఆయన బూట్లు విప్పి మేజోళ్ళతో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక మేజోడుకి బొటనవేలు దగ్గర చిల్లు. నడవా పొడవు టేపు ప్రకారం నలభై రెండు మీటర్ల మూడు సెంటీమీటర్లు. ఆయన లెక్క ప్రకారం లేజరు చెప్పింది నలభై మూడున్నర.

ఆయన లేవలేదు. అలాగే నేల మీద కూర్చుని “మళ్ళీ పట్టు” అన్నాడు. నాలుగు సార్లు పట్టాం. నాలుగు సార్లూ అంతే.

ఆదేశాలు మార్చారు. నౌక బతికింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

నిన్న లోపం మీద నోటు రాసి చూపించాడు. ‘సరిచూసే ప్రక్రియలో లోపం’ అని ఉంది. ఏ పేరూ లేదు. “నీ మంచికే” అన్నాడు. ప్రక్రియకి చేతులున్నాయా సార్, అది తీగని రెండు సార్లు కోయడానికి అన్నాను. అద్దాలు అమర్చింది సిబ్బంది, తప్పు చేసింది ప్రక్రియ, మరి నేనెక్కడ ఉన్నట్టు? రేపు ఎవరో ఈ పుస్తకం తెరిచి ‘ఇది తీసేసిన అంకెనా, తియ్యనిదా?’ అనుకుంటారు. అడగడానికి ఒక మనిషి పేరు ఉండాలి. నా పేరు రాయండి, మీ పేరు కూడా రాయండి అన్నాను.

“నీ పేరు ఇందులో ఉంటే ఫైలు రెండేళ్ళు కదలదు. తెలుసా?” అన్నాడు.

తెలుసు అన్నాను. పెన్ను ఆయన ముందుకి జరిపాను.

రాశాడు. ముందు నాది, తర్వాత ఆయనది. ఆయనకేం కాదు, ఆయన పర్మనెంటు. అయినా తన పేరు కింద తేదీ కూడా వేశాడు.

ఇంత చేసి ఇంటికొచ్చి గిన్నెలన్నీ రెండు సార్లు తోమాను. కుదురు లేదు. నువ్వు బాగున్నావా? నీమీద ఎవరూ ఏమీ అనలేదు కదా?

మే.కో.

---

మార్చి 15

చిటపటా,

ఈ వ్యానుకి వేస్తే పదిహేడు పొద్దున్నకి అందుతుందని రెండు ముక్కలే రాస్తున్నాను.

నన్ను వినే కుర్చీలోంచి తీశారు. లాగ్‌బుక్కులో అబద్ధం రాసిన మనిషి అక్కడ కూర్చోకూడదు, అది న్యాయమే. ఆంటెనా ఇరుసులకి గ్రీజు వేసే జట్టులో వేశారు. పని బాగుంది, నడుమే ఒప్పుకోవడం లేదు. పదిహేడున నౌక దిగేటప్పుడు నేను పైన నిచ్చెన మీద ఉంటాను, లోపలికి వెళ్ళే అనుమతి లేదు. నువ్వు మనసు పాడుచేసుకుంటావని రాయకూడదనుకున్నాను. కానీ దాచిపెట్టి నేను బాగుపడింది ఏముంది?

తీసెయ్యకముందు ఒకటి విన్నాను, అది నీకు చెప్పాలి. సరిచేసిన మీ కొలతతో మా బరువుని భాగించారు. నీళ్ళకంటే కాస్త బరువు, అంతే. లోపల సగానికి సగం ఖాళీ అట. అది రాయే కాదు, గులకరాళ్ళ కుప్ప. గట్టిగా ఊదితే చెదిరేలా ఉంది, అయినా ఒకదాన్నొకటి లాగి పట్టుకుని ఎన్ని కోట్ల ఏళ్ళుగానో తిరుగుతోంది. పాత లెక్కతో ఇంకాస్త గట్టిదనుకుని ఉండేవాళ్ళం.

పేరు రాయించుకున్నావా! మొండిఘటం. నీ ఉత్తరం పట్టుకుని గట్టిగా ఒక తిట్టు తిట్టబోయాను, నోరు రాలేదు.

అత్త

---

మార్చి 17

అత్తా,

నీ ఉత్తరం పొద్దున అందింది. జేబులో పెట్టుకునే వెళ్ళాను. నువ్వు వినలేదు కనుక నేను విన్నది రాస్తున్నాను. నాకు నీ చెవి లేదు, ఉన్నంతలో విను.

మధ్యాహ్నం రెండింటికి మొదలైంది. ఈసారి నాకు కుర్చీ వేశారు. గోడ పక్కనే, కానీ కుర్చీ. నౌక నుంచి మాట రావడానికి పద్నాలుగు నిమిషాలు పడుతుంది కదా. అంటే మేం వింటున్నదంతా అప్పటికే జరిగిపోయింది. దిగిందో, బోల్తాపడిందో తేలిపోయి ఉంది, మాకే తెలియదు. ఆ సంగతి తలుచుకుంటే కూర్చోలేకపోయాను. కుర్చీ వేయించుకుని నిలబడ్డదాన్ని నేనొక్కదాన్నే.

మీ స్టేషను నుంచి వచ్చే కూతని స్పీకరులో పెట్టమని అడిగాను. “ఎందుకు?” అన్నారు. మా అత్త వినేది అదే అన్నాను. ఎవరూ నవ్వలేదు. పెట్టారు.

మొదట సన్నగా, కదలకుండా ఉంది. యాభై మీటర్ల దగ్గర ఇంజను వెలిగింది, కూత ఒక్క పిసరు పైకి లేచి, జారి, మళ్ళీ లేచింది. మెట్లు దిగే మనిషి పక్క కమ్మీ కోసం తడుముకున్నట్టు ఉంది. లెక్క చదివే ఆవిడ చదువుతూనే ఉంది: ముప్పై, ఇరవై, పది. పదికీ అయిదుకీ మధ్య ఎంతసేపు పట్టిందో! అయిదు. మూడు. రెండు. ఒకటి. అక్కడ ఇంజను ఆగింది, కూత మెల్లగా జారడం మొదలైంది. నువ్వు రాసిన లాగుడు ఇదేననుకుంటాను, ఆ గులకరాళ్ళ కుప్ప దాన్ని తన వైపు లాక్కోవడం. నిమిషానికి పైగా జారింది. తర్వాత చిన్న తుళ్ళింత. తర్వాత ఒకే స్థాయి, గీత గీసినట్టు.

“తాకింది” అంది ఆవిడ.

అందరూ అరుస్తుంటే కొలబద్ద వెనక్కి తిరిగి, నన్ను వెతికి, గోలలోంచి అడిగాడు: “అమ్మాయ్, తాకినప్పుడు లేజరు ఎంత చెప్పింది?”

నా ముందు తెర ఉంది. చూపించింది చూపించినట్టే చదివాను. “మూడు సెంటీమీటర్లు సార్.”

“ఆ మీటరున్నర అలాగే ఉండి ఉంటే?” అన్నాడు పక్కనున్న కొత్త ఇంజనీరు. కొలబద్దే చెప్పాడు: “ఇంకా దిగుతున్నాం అనుకుంటూ ఉండేవాళ్ళం.”

ఫొటో తీశారు. నన్ను ఎవరూ జరగమనలేదు. నేనే వెళ్ళలేదు. ఆ టైములో నువ్వు నిచ్చెన మీద ఏ బోల్టు దగ్గర ఉన్నావో అనుకుంటూ మెట్ల మీద కూర్చున్నాను. నీ కుర్చీ పోయింది, నా ఉద్యోగం పోతోంది, మనిద్దరి మీదా కోపం తగ్గలేదు. నీమీద ఎక్కువ. అయినా నువ్వు లేకుండా ఆ కూత వినడం నాకు బాగోలేదు.

సాయంత్రం కొత్త లేజరు బల్ల మీదికి వచ్చింది, తర్వాతి నౌకది. నాకు ఇంకా పదకొండు రోజుల పని ఉంది. పదకొండు రోజుల్లో అది పూర్తవదు. అయినా రేపు ఎనిమిదింటికి మొదలుపెడతాను, ఎంతవరకైతే అంతవరకు.

ఇరవై తొమ్మిదిన వచ్చే వ్యానులో నాకో చోటు చెప్పి ఉంచు. వచ్చి పోట్లాడాలి నీతో. నడుముకి మందు తెస్తాను, నిచ్చెన ఎక్కొద్దు.

నీ మేనకోడలు